రాగి ఎవరి చేతిలో ఉంది?

స్మారకోపన్యాసంలో మొదటి పది నిమిషాలు కీర్తిశేషుల గుణగణాలు చెప్పడం ఆనవాయితీ. మా కెమిస్ట్రీ మాస్టారికి పొగడ్త గిట్టేది కాదు. ఎవరైనా మొదలుపెడితే "ప్రాక్టికల్ రికార్డు తెచ్చావా?" అని మాట మార్చేసేవారు. కాబట్టి మనం కూడా నేరుగా ల్యాబ్‌లోకే వెళ్దాం.

ఇంటర్ రెండో ఏడు, సాల్ట్ అనాలిసిస్. నా వంతుకు వచ్చిన పొట్లంలో నీలం పొడి ఉంది. నీళ్ళలో కరిగించి అమోనియా చుక్కలు వేస్తే ముందు లేతనీలం ముద్ద విరిగింది. ఇంకాస్త వేసేసరికి ముద్ద కరిగి చిక్కటి సిరానీలం తేలింది. "రాగి ఉంది మాస్టారూ" అన్నాను గొప్పగా. ఆయన పరీక్షనాళికను కిటికీ వెలుగుకెత్తి చూసి, "ఉంది సరే. ఎవరి చేతిలో ఉంది?" అన్నారు. నేను తెల్లమొహం వేశాను. "ఇందాక నీళ్ళ చేతిలో ఉంది, ఇప్పుడు అమోనియా చేతిలో ఉంది. చెయ్యి మారితే లోహం గుణం మారుతుందిరా" అని పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయారు. మార్కులెన్ని వేశారో గుర్తులేదు. తర్వాత నేను నరాల జబ్బుల వైద్యుణ్ణయ్యాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. మెదడులో లోహాల గురించి నాకు తెలిసిందంతా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడంలో తెలిసిందే.

మనిషి ఒంట్లో ఇనుము మూడు నాలుగు గ్రాములుంటుంది. జింకు రెండు గ్రాములు. రాగి మొత్తం కలిపితే 100 మిల్లీగ్రాముల దరిదాపు, అంటే గోరుమీద పట్టేటంత. అందులో మెదడుకి దక్కేది మరీ కొద్ది. ఆ కొద్దీ లేకపోతే ప్రాణవాయువును వాడుకుని శక్తి తయారుచేసే ఎంజైమ్ ఆగిపోతుంది. డోపమీన్‌ని నార్ అడ్రినలీన్‌గా మార్చే ఎంజైమ్ కూడా రాగి లేనిదే పనిచెయ్యదు. అంత అవసరమైన లోహాన్ని కణం విచ్చలవిడిగా తిరగనివ్వదు. ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకోవడంలో రాగికి ఉన్న చురుకుదనమే దాని విషం కూడా. కట్టు తెగితే కనిపించిన కొవ్వునల్లా, ప్రోటీన్‌నల్లా కాల్చేస్తుంది. 1999లో ఈస్టు కణాల్లో లెక్కగడితే, ఏ ప్రోటీనూ పట్టుకోకుండా ఖాళీగా తిరిగే రాగి అయాను కణానికి సగటున ఒక్కటి కూడా లేదని తేలింది. ప్రతి అయానుకీ తోడుగా ఒక ప్రోటీన్ ఉంటుంది. చంటిపిల్లని పెళ్ళివారింట్లో చంకలు మార్చినట్టు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి అందిస్తారు తప్ప కింద దించరు.

ఎక్కడో ఒకచోట చెయ్యి జారితే ఏమవుతుందో నాకు మొదట చూపించింది ఒక పదిహేనేళ్ళ కుర్రవాడు. ఊరూ పేరూ చెప్పను. తొమ్మిదో తరగతిలో చేతిరాత చెడింది. బళ్ళో బద్ధకం అన్నారు. తర్వాత మాట ముద్దగా మారింది, పెదవుల చివర చొంగ కారడం మొదలైంది. ఇంట్లో దిష్టి అన్నారు, గాలి అన్నారు, తాయెత్తులు కట్టారు. నా దగ్గరికి వచ్చేనాటికి చేతులు చాచమంటే రెక్కలు కొట్టుకున్నట్టు ఆడుతున్నాయి. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్ కింద చూసి నన్ను పిలిచారు. నల్లగుడ్డు అంచు చుట్టూ గోధుమరంగు వలయం, సన్నటి ఇత్తడి గాజు తొడిగినట్టు. అది రాగి. కాలేయం బయటికి పంపలేక వదిలేసిన రాగి కంటిదాకా వచ్చి పేరుకుంది. అంతకుముందే మెదడు అడుగున కదలికలను దిద్దే కేంద్రాల్లో పేరుకుంది.

ఆ వలయాన్ని జర్మనీలో కైజర్ 1902లో, ఫ్లైషర్ 1903లో వర్ణించారు. అది రాగి అని అప్పుడెవరికీ తెలియదు. 1912లో లండన్ క్వీన్ స్క్వేర్ ఆసుపత్రి వైద్యుడు కినియర్ విల్సన్, పడుచు వయసులో చేతులు వణికి, బిగుసుకుపోయి చనిపోయే ఒక జబ్బును విడిగా గుర్తించి పెద్ద వ్యాసం రాశాడు. బతికుండగా కాలేయం జబ్బు లక్షణమొకటీ కనిపించని రోగులకు శవపరీక్షలో కాలేయం గట్టిపడి ఉంది. కాలేయంలో పుట్టిన ఏదో విషం మెదడుకెక్కుతోందని విల్సన్ ఊహించాడు. విషం పేరు తెలియడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు అదే క్వీన్ స్క్వేర్‌లో కమింగ్స్ అనే రసాయన పరీక్షకుడు చనిపోయిన రోగుల మెదడులోనూ కాలేయంలోనూ రాగి తూచి చూశాడు.

విషం తెలిస్తే విరుగుడు వెతుక్కోవచ్చు. మొదటి విరుగుడు యుద్ధంలోంచి వచ్చింది. లూయిసైట్ అనే ఆర్సెనిక్ విషవాయువుకి విరుగుడుగా ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ బృందం రెండో ప్రపంచయుద్ధ కాలంలో బాల్ అనే మందు తయారుచేసింది. ఆర్సెనిక్‌ని పట్టుకున్న మందు రాగినీ పట్టుకుంటుంది కదా అని విల్సన్ రోగులకు ఇచ్చారు. అది కండలోకి సూది, భరించలేనంత నొప్పి. పైగా కొన్నాళ్ళకి పనిచెయ్యడం మానేసేది. 1950ల మధ్యలో జాన్ వాల్ష్ అనే యువ ఇంగ్లీషు వైద్యుడు బోస్టన్‌లో ఉండగా అలాంటి రోగి ఒకరిని చూశాడు. పెన్సిలిన్ వాడిన రోగుల మూత్రంలో పెన్సిలమిన్ అనే పదార్థాన్ని అతను లండన్‌లో ఉన్నప్పుడే కనిపెట్టాడు. దాని అణువు బొమ్మ చూస్తే రాగిని పట్టుకోగల గంధకం, నత్రజని పక్కపక్కనే ఉన్నాయి. కాస్త సంపాదించి, ముందు తనే మింగి చూసి, తర్వాత రోగికిచ్చాడు. 1956లో ఫలితం అచ్చయింది. మూత్రంలో రాగి కొట్టుకొచ్చింది. ఇది చదివిన ప్రతిసారీ నాకు మాస్టారి పరీక్షనాళిక గుర్తొస్తుంది. అమోనియా చేసిన పనే ఇదీను. రాగి చెయ్యి మార్చడమే.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కానీ ఈ మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో మెదడు లక్షణాలున్న రోగుల్లో కొందరు బాగుపడకపోగా ఇంకా దిగజారుతారు. నా కుర్రవాడికీ అంతే అయింది. నడుస్తూ వచ్చినవాడు మూడో వారానికి మంచం పట్టాడు. వాళ్ళ నాన్న నాతో ఏమీ అనలేదు గానీ ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తే. కాలేయంలో దాక్కున్న రాగిని ఒక్కసారిగా కదిలిస్తే అది మూత్రంలోకే పోతుందని నమ్మకం లేదు, దారిలో మెదడుకీ పోవచ్చు. అందుకే ఇప్పుడు చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం. ట్రయెంటీన్ అనే ఇంకో మందు ఉంది. పేగులోంచి రాగి లోపలికి రాకుండా అడ్డుకునే జింకు ఉంది. ఆ అబ్బాయి ఏడాదిన్నరకి మళ్ళీ సంతకం పెట్టాడు. వంకరగానే అనుకోండి.

జబ్బుకి మూలమైన జన్యువు 1993లో దొరికింది. పదమూడో క్రోమోజోము మీద ఉంటుంది. అది తయారుచేసేది కాలేయకణంలో రాగిని పైత్యంలోకి తోసే పంపు. అమ్మనుంచీ నాన్ననుంచీ రెండు ప్రతులూ చెడ్డవే వస్తేనే జబ్బు. సుమారు 30,000 మందిలో ఒకరికి అంటారు. మన మేనరికాల ఇళ్ళలో ఆ లెక్కని నమ్ముకుని కూర్చోకూడదు. మేనమామనీ మేనబావనీ చేసుకోవద్దని ఉపన్యాసం ఇవ్వడానికి నేను రాలేదు, మా అమ్మానాన్నలదీ మేనరికమే. అడిగేది ఒక్కటే. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు తేలితే తోడబుట్టిన వాళ్ళందరినీ ఆ వారంలోనే పరీక్ష చేయించండి, ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. ఆ కుర్రవాడి చెల్లెలికి ఏ లక్షణమూ లేదు, పరీక్షలో తేలింది. మాత్రలు వేసుకుంటూ హాయిగా ఉంది.

ఇదే పంపుకి కవలలాంటిది ఇంకోటి ఉంది. అది పేగునుంచి రాగిని రక్తంలోకి, రక్తంనుంచి మెదడులోకి దాటిస్తుంది. అది చెడితే రాగి లేమి. 1962లో మెంకెస్ వర్ణించిన ఆ జబ్బులో మగపిల్లల జుట్టు బిరుసుగా, మెలితిరిగి ఉంటుంది, మెదడు ఎదగదు. పదేళ్ళ తర్వాత ఆస్ట్రేలియా వైద్యుడు డేవిడ్ డాంక్స్ ఆ జుట్టు చూసి, రాగి లేని బీళ్ళలో మేసిన గొర్రెల ఉన్నిలా ఉందే అనుకున్నాడట. రక్తంలో రాగి చూశాడు, లేదు. గొర్రెలు కాసే దేశంలో పుట్టడం కూడా ఒక్కోసారి వైద్యానికి పనికొస్తుంది.

రాగి మాట వచ్చింది గనక, మీలో కొందరు అడగబోయే ప్రశ్నకు ఇప్పుడే జవాబు చెప్పేస్తాను. రాగి చెంబులో రాత్రి నీళ్ళు పోసి పొద్దున్న తాగితే మెదడుకేమైనా అవుతుందా? మామూలు మనిషికి ఏమీ కాదు, ఎక్కువైన రాగిని కాలేయం పంపించేస్తుంది. విల్సన్ రోగి మాత్రం ఆ చెంబు ముట్టుకోకూడదు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే కిలుమెక్కుతుందని మన నాయనమ్మలకు తెలుసు. వీధిలో కళాయివాడి కేక వినబడితే గిన్నెలు బయట పెట్టేది అందుకే. పాల దగ్గరే ఏమరుపాటు జరిగింది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి నిలవుంచిన పాలు పట్టడానికీ, పసిపిల్లల కాలేయాలు గట్టిపడి చనిపోవడానికీ సంబంధం ఉందేమోనని పుణె వైద్యులు ఒక ఇంగ్లీషు వైద్యుడితో కలిసి 1983లో లాన్సెట్ పత్రికలో రాశారు. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. ఇక సత్తు గిన్నెలు, ఆల్జైమర్స్. 1970ల్లో డయాలసిస్ రోగులకు మతి చెడి, మాట పడిపోయి, మూర్ఛలొచ్చేవి. కారణం అల్యూమినియమే, సందేహం లేదు. నీళ్ళలోంచి మూత్రపిండాలు పనిచెయ్యని ఒంట్లోకి నేరుగా చేరింది. ఆ అనుభవం నుంచి వంటింటి గిన్నెకి ఆల్జైమర్స్‌ని అంటగట్టడానికి ఇప్పటిదాకా సరైన రుజువు దొరకలేదు. చింతపండు పులుసు మాత్రం అందులో నిలవుంచకండి, అది రుచి కోసం చెబుతున్న మాట.

మాస్టారి బల్లమీద కాగితాలు ఎగరకుండా నల్లటి రాయి ఒకటి ఉండేది, గుర్తుందా? మాంగనీసు ముడిఖనిజం. విజయనగరం జిల్లా కోడూరు ప్రాంతానిది. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1890లలో మొదలైంది అక్కడే. కోడూరైట్ అని ఒక రాతికి ఆ ఊరి పేరే పెట్టారు. మన నేలకింద పడున్న ఆ లోహం మెదడుకి ఏం చేస్తుందో అంతకు యాభై ఏళ్ళకు పైగా ముందే స్కాట్లాండులో తెలిసింది. 1837లో గ్లాస్గో వైద్యుడు జాన్ కూపర్, బ్లీచింగ్ పౌడరు కోసం మాంగనీసు రాయి పిండిచేసే కూలీలను చూసి రాశాడు. కాళ్ళు బలహీనపడి తూలుతున్నారు, ముందుకు పడిపోయేలా నడుస్తున్నారు, నోటినుంచి చొంగ కారుతోంది, గొంతు గుసగుసగా మారింది. వణుకు మాత్రం లేదు. పార్కిన్సన్ తన ప్రసిద్ధ వ్యాసం రాసిన ఇరవయ్యేళ్ళకి, దాన్ని పోలిన, కానీ అది కాని జబ్బు ఇది. పార్కిన్సన్స్‌కి పనిచేసే లెవోడోపా దీనికి సరిగా పనిచెయ్యదు. తిండిలో వచ్చే మాంగనీసును పేగూ కాలేయమూ అదుపులో ఉంచుతాయి. ఊపిరిలో పోయిన దుమ్ము ఆ కాపలాను దాటేస్తుంది. అదే లోహం, వచ్చిన దారి వేరు.

ఇనుము దగ్గర నేను కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడే మా వృత్తి పప్పులో కాలేసింది. పార్కిన్సన్స్ రోగుల మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి చోట ఇనుము ఎక్కువగా పేరుకుంటుంది. ఇది ఎమ్మారైలో కూడా కనిపిస్తుంది. విల్సన్ జబ్బు చూసి వచ్చినవాళ్ళం కదా, మాకు వెంటనే తట్టేది ఇనుము తీసేద్దాం అని. తలసీమియా పిల్లలకు ఇచ్చే డెఫెరిప్రోన్ అనే మందు మెదడులోకి పోగలదు కూడా. యూరప్‌లో కొత్తగా జబ్బు తేలి ఇంకా లెవోడోపా మొదలుపెట్టని 372 మంది మీద పరీక్షించారు. సగంమందికి మందు, సగంమందికి ఉత్త మాత్ర, 36 వారాలు. 2022 డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. మెదడులో ఇనుము తగ్గింది, అనుకున్నట్టే. రోగులు మాత్రం దిగజారారు. జబ్బు తీవ్రత కొలమానంలో ఉత్త మాత్ర వాళ్ళకి 6.3 పాయింట్లు పెరిగితే మందు తీసుకున్నవాళ్ళకి 15.6 పెరిగాయి. ఆల్జైమర్స్‌లో అదే మందు ప్రయత్నిస్తే అక్కడా మతి మరింత తొందరగా క్షీణించిందని 2024లో చెప్పారు.

ఎందుకిలా? డోపమీన్ తయారీలో మొదటి మెట్టు టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్. దానికి ఇనుము కావాలి. అరకొరగా మిగిలిన కణాలు ఆ ఇనుముతోనే నెట్టుకొస్తుంటే, మనం దొంగసొత్తు అనుకుని పనిముట్టు లాక్కున్నాం కాబోలు. విల్సన్ జబ్బులో ద్వారం విరిగింది కాబట్టి పోగుపడ్డ రాగిని తోడేస్తే మేలు జరిగింది. పార్కిన్సన్స్‌లో పేరుకున్న ఇనుములో కొంత పనిలో ఉంది. రెండుచోట్లా పరీక్షకి కనిపించేది "లోహం ఎక్కువ" అనే ఒక్క మాటే. ఎవరి చేతిలో ఉంది అన్న మాస్టారి ప్రశ్న అడగకుండా మందు రాసేశాం. ఇదంతా వింటూ ఇనుము మీద భయం పెట్టుకునేరు. మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత అని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కోస్టారికాలో బెట్సీ లోజోఫ్ అనే పరిశోధకురాలు పసితనంలో ఇనుము లోపించిన పిల్లలను పెద్దయ్యేదాకా వెంబడించి చూసింది. రక్తం ఎప్పుడో బాగుపడ్డా చదువులో, తెలివిలో వెనకబాటు మిగిలిపోయింది. మన పిల్లల మెదళ్ళకు ఇనుము చేసే చెరుపు కంటే ఇనుము లేక జరిగే చెరుపే ఎక్కువ.

లోహం కనిపించగానే తొందరపడిన సందర్భం మన దగ్గరా ఉంది: 2020 డిసెంబరులో ఏలూరు. వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు, నోట నురగ. ఐదు వందల మందికి పైగా. చాలామంది గంటల్లో తేరుకున్నారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని వార్త. ఆ సాయంత్రమే నాకు నలభై ఫోన్లు వచ్చాయి, సీసం తీసే మందులు ఏమున్నాయని. తర్వాతి పరీక్షలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించాయి. సీసం నిర్దోషి అని నేననను. అది కాల్షియం వేషం వేసుకుని మెదడులోకి జొరబడుతుంది, సురక్షితమైన మోతాదు అంటూ దానికి లేనే లేదు. 2000లో సీసం లేని పెట్రోలు వచ్చాక గాలి మెరుగుపడింది. రంగుల్లో, పాత బ్యాటరీలు కరిగించే కొట్టాల్లో ఇంకా ఉంది. బంగ్లాదేశ్‌లోనైతే మెరుపు కోసం పసుపుకొమ్ములకు పూసిన సీసం క్రోమేట్‌లోనూ దొరికింది. కానీ సీసం పిల్లల తెలివిని మెల్లగా, ఏళ్ళ తరబడి తినేస్తుంది. ఒక మధ్యాహ్నం వీధి వీధంతా పడిపోయి సాయంత్రానికి లేచి కూర్చోవడం దాని తీరు కాదు. రక్తంలో దొరికిందల్లా ఆనాటి నేరస్థుడు కాదు. దొరికిన సీసాన్ని తీసేసినా జరిగిన నష్టం వెనక్కి రాదని అమెరికాలో 780 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2001లోనే చెప్పింది. మందుతో రక్తంలో సీసం తగ్గింది, తెలివితేటల పరీక్షలో తేడా రాలేదు. పిల్లవాడి నోటిదాకా రాకముందు ఆపాల్సిన లోహం అది.

చివరిగా సోడియం. మీ ఇళ్ళలో ఈ మాట అందరికీ తెలుసు: "తాతగారికి సోడియం పడిపోయిందట, ఐసీయూలో పెట్టారట." మెదడు బరువు ఒంటిలో 2 శాతమే, తినే శక్తి 20 శాతం. అందులో పెద్ద వాటా ఒకే పనికి పోతుంది. ఒక్కో విడతకి మూడు సోడియం అయాన్లను కణం బయటికి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి నెట్టే పంపుకి. ఆ పంపుని 1957లో కనిపెట్టినందుకు డెన్మార్క్ శాస్త్రవేత్త స్కౌకి నలభై ఏళ్ళ తర్వాత నోబెల్ వచ్చింది. పంపుని తిప్పే ఇంధనం ఏటీపీ. దాన్ని 1929లో ఫిస్కేతో కలిసి వెలికితీసినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు విడిగా సాధించాడు. మాస్టారు ఆ ముక్క చెప్పేటప్పుడు లోమన్ పేరు ఎప్పుడూ వదిలిపెట్టలేదు. మన పక్షం మాట్లాడేటప్పుడు కూడా లెక్క తప్పకూడదని ఆయన పట్టుదల.

రక్తంలో సోడియం లీటరుకి 135 నుంచి 145 మిల్లీమోల్స్ ఉండాలి. అది నెమ్మదిగా పడిపోతే మెదడు కణాలు లోపలి ద్రవ్యాలను బయటికి వదిలేసి సర్దుకుంటాయి. అప్పుడు వైద్యుడు తొందరపడి ఉప్పునీళ్ళు ఎక్కించి ఒక్కరోజులో మామూలు స్థాయికి తెస్తే మెదడుకాండంలో నరాల తొడుగు ఊడిపోవచ్చు. ఆ తొడుగు ఊడటాన్ని 1959లో ఆడమ్స్ బృందం వర్ణించింది. దానికి కారణం మన తొందరేనని 1980ల నాటికి గానీ స్పష్టం కాలేదు. అప్పటిదాకా మంచి ఉద్దేశంతోనే చేశారు అందరూ.

ఆరేళ్ళ కిందట మే నెలలో మాస్టారి అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నాన్నకి మతి పోతోంది. నన్నే ఎవరు నువ్వంటున్నారు." బీపీకి నీరు తీసే మాత్ర వేసుకుంటున్నారు. ఎవరో చెప్పారని ఉప్పు మానేశారు. ఎండలకి బిందెడు నీళ్ళు తాగుతున్నారు. వెళ్ళేసరికి మంచంమీద గోడవైపు తిరిగి గొణుగుతున్నారు. సోడియం 114. ఆసుపత్రిలో చేర్చాం. ఇంట్లోవాళ్ళు ఇంకా ఎందుకు లేవలేదని గంటగంటకీ అడుగుతున్నారు. ఇంకో బాటిల్ పెట్టించమని బంధువొకాయన నన్ను నిలదీశారు కూడా. మెల్లగానే పోనిచ్చాం. మూడో రోజు పొద్దున్న రక్తం తియ్యడానికి సిస్టరు చెయ్యి పట్టుకుంటే మాస్టారు కళ్ళు తెరిచారు. నన్ను చూసి గుర్తుపట్టారు. సోడియం ఎంతకొచ్చిందని అడుగుతారనుకున్నాను.

"రోజుకెంత చొప్పున పెంచుతున్నావు?" అన్నారు.

"ఎనిమిది దాటనివ్వడం లేదు మాస్టారూ."

"ఊఁ" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.